పగ్గానికి బదిలీ

కణ నియంత్రణ పరిశోధనా సంస్థకి డైరెక్టరుగా వచ్చిన వరాహమూర్తిగారు అంతకుముందు చాలాకాలం గిడ్డంగుల శాఖను నడిపారు. ఆయన హయాంలో అక్కడ ఒక్క గోనెసంచీ కూడా పోలేదని పేరు. ధాన్యం పోయింది గాని సంచీ పోలేదు.

విశాఖపట్నం శివార్లలో కొండవాలున ఉన్న ఈ సంస్థలో అడుగు పెట్టగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "మన దగ్గర ఎన్ని జన్యువులున్నాయి? ఏవి ఎవరి ఆధీనంలో ఉన్నాయి?" అని.

శాస్త్రవేత్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జన్యువులు మనిషి ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంటాయనీ, ఫలానావారి ఆధీనం అంటూ ఉండదనీ ఎవరో గొణిగారు.

"అదే మన లోపం," అన్నారు డైరెక్టరుగారు. "అందరిదీ అంటే ఎవరిదీ కాదన్నమాట. రేపు ఏ జన్యువుకైనా ఏదైనా అయితే నేనెవర్ని పట్టుకోను?"

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. 'సంస్థయందు పరిశోధింపబడుచున్న ప్రతి జన్యువునకు ఒకే ఒక విభాగము బాధ్యత వహించవలెను. ఒక విభాగపు జన్యువు మరియొక విభాగపు జన్యువుతో వ్యవహరింపదలచినచో సక్రమ మార్గమున ముందస్తు అనుమతి పొందవలెను.' స్టోర్సువాళ్లు జన్యువులకి నంబర్లు అంటించడానికి స్టిక్కర్లు పట్టుకుని బయల్దేరారు. జన్యువు కంటికి కనపడలేదు గనుక, దాన్ని పసిగట్టడానికి వాడే ద్రావణాల సీసాలున్న కిట్టు పెట్టెకి అంటించారు. అప్పట్నుంచి ఆఫీసు లెక్కల్లో పెట్టే జన్యువు. ఉద్యోగులు సాయంత్రం పూట తమ ఒంట్లో ఇంటికి తీసుకుపోతున్న జన్యువుల గురించి స్టోర్సువారు వివరణ కోరారు. ఆ ఫైలు ఇంకా నడుస్తోంది.

ఈ పంపకంలో ఏ విభాగంలోనూ పడకుండా మిగిలిపోయింది ఉమ్మడి ప్రయోగశాల ఒక్కటే. అందులో పనిచేసే కోటికలపూడి తాయారు అనే శాస్త్రవేత్తని కూడా పంపకం మరిచిపోయింది. అందువల్ల ఆవిడ వేరువేరు విభాగాల జన్యువుల్ని ఒకే పళ్లెంలో పెట్టి చూడగలిగేది. ఆవిడ కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

కణం హద్దు మీరి పెరగకుండా ఆపే జన్యువులు మన ఒంట్లో కొన్ని ఉంటాయి. అవి చెడితే కణానికి అదుపు పోతుంది, గడ్డ లేస్తుంది. అలాంటివాటిలో రెంటిని ఆ సంస్థలో అంకుశం, పగ్గం అని పిలుచుకునేవారు. అంకుశం తూర్పు విభాగానిది, దానికి అధిపతి డాక్టర్ సోమయాజులు. పగ్గం పడమటి విభాగానిది, దానికి అధిపతి డాక్టర్ అరవిందాక్షి. తాయారు కనిపెట్టిందేమిటంటే, ఈ రెండూ ఒకదాన్నొకటి అదుపు చేసుకుంటాయి. అంకుశం లేస్తే పగ్గం తగ్గుతుంది, పగ్గం పెరిగితే అంకుశం వెనక్కి తగ్గుతుంది. ఇద్దరు కాపలావాళ్లు వంతులు వేసుకున్నట్టు.

ఆరోగ్యమైన కణంలో దీనివల్ల నష్టమేం లేదు. కొందరి కేన్సర్ గడ్డల్లో మాత్రం అంకుశం పాడైపోయి పడుకుని ఉంటుంది, పగ్గం ఒక్కటే గడ్డని అడ్డుకుంటూ నెట్టుకొస్తుంది. అప్పుడు ఆ పాడైన అంకుశాన్ని తట్టి లేపామనుకోండి, అది లేస్తుంది గాని పని చెయ్యదు. వాడొచ్చాడు కదా అని పగ్గం మాత్రం పోయి పడుకుంటుంది. ఇక గడ్డకి అడ్డెవరు?

సంస్థకి అనుబంధంగా ఉన్న ఆసుపత్రిలో సరిగ్గా అంకుశాన్ని తట్టి లేపే మందునే కొత్తగా రోగుల మీద పరీక్షిస్తున్నారు. అంకుశం పాడవకుండా ఊరికే నిద్రపోతున్నవాళ్లకి ఆ మందు అమృతం. పాడైనవాళ్లకి విషం. ఎవరు ఏ రకమో తేలాలంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి, దానికి మందు పట్టించి, పగ్గం పడిపోతోందో లేదో పగ్గం కిట్టుతో చూడాలి. మహా అయితే రెండ్రోజుల పని.

తాయారు ఇదంతా రాసుకుని ముందు అరవిందాక్షి దగ్గరికి వెళ్లింది. ఆవిడ చదివి కాగితాన్ని దూరంగా నెట్టింది.

"ఏమిటమ్మాయ్, మా పగ్గం ఆయన అంకుశాన్ని చూసి పడుకుంటుందా? పెళ్లి కూడా మానుకుని పెంచానే దాన్ని!"

"పగ్గం కూడా అంకుశాన్ని తగ్గిస్తుంది మేడమ్. రెండువైపులా ఉంది."

"అయితే ఆ రెండోది పైన రాయి. మొదటిది కింద చిన్నక్షరాల్లో పెట్టు."

సోమయాజులుగారి గదిలో గొడవ లేదు. ఆయన నెమ్మదస్తుడు. మొదటి పేరా చదువుతున్నంతసేపూ తల ఊపారు. రెండో పేరా దగ్గర కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"తల్లీ, అంకుశం ఇంకొకరి మాట వినడమేమిటి? వినాల్సింది ఏనుగు కదా!"

"సార్, ఇది పేరు సంగతి కాదు. వార్డులో రోగులున్నారు."

"రోగులు వస్తారు, పోతారు. విభాగం శాశ్వతం," అన్నారు ఆయన జాలిగా. కాగితం మీద 'సీనియారిటీ నిర్ధారణ కొరకు పైకి పంపడమైనది' అని రాసి సంతకం పెట్టారు.

ఆ రోగుల్లో పైడితల్లి అని ఒకామె ఉంది. భీమిలి దగ్గర చేపలెండబెట్టి అమ్ముకునే మనిషి. దవడ కింద నిమ్మకాయంత గడ్డ. సోమవారం నుంచి ఆమెకి మందు మొదలుపెట్టాలి. వార్డు చూసే డాక్టర్ ఇమాన్యుయేలు తాయారు చెప్పిందంతా విన్నాడు, నమ్మాడు కూడా.

"కానీ ఆపమని రాతపూర్వకంగా మీ సంస్థ చెప్పాలి, లేదా పగ్గం రిపోర్టు నా చేతిలో ఉండాలి," అన్నాడు. "రెండూ లేకుండా ఆపితే రోగికి వైద్యం నిరాకరించానని నా మీదే కేసు."

పైడితల్లి మంచం మీద కూర్చుని ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది.

"ఏటమ్మా, మందు మంచిదేనా కాదా? సెప్పీయండి. నాను తట్టుకోగల్ను."

"మంచిదే. మీకు పడుతుందో లేదో చూడాలి," అంది తాయారు.

"మరి సూడండి. నాను వద్దన్నానా?"

ముక్క తీశారు. తాయారు ఆ ముక్కని పట్టుకుని పగ్గం కిట్టు కోసం వెళితే, ఇన్నాళ్లూ అడిగితే ఇచ్చిన పడమటి విభాగంవాళ్లు ఈసారి ఇవ్వలేదు. అంకుశం మందుతో పగ్గాన్ని కలపడం విభాగాంతర వ్యవహారం కిందికి వస్తుంది, అనుమతి కావాలి. అనుమతి ఇవ్వాలంటే ముందు ఆ రెండు జన్యువుల్లో పై అధికారి ఎవరో తేలాలి. అది తేల్చడానికి శుక్రవారం కమిటీ కూర్చుంది.

తాయారుని గోడవారన కుర్చీలో కూర్చోబెట్టారు. అడిగితేనే మాట్లాడాలన్నారు.

"అంకుశం పదిహేడో క్రోమోజోము మీద ఉంది," అని మొదలుపెట్టారు సోమయాజులు. "పగ్గం మూడో దాని మీద ఉంది. గ్రేడు స్పష్టమే."

"మూడో ర్యాంకు పెద్దదా, పదిహేడో ర్యాంకు పెద్దదా?" అంది అరవిందాక్షి. "పైగా పగ్గాన్ని కనుక్కున్నది ముందు. చేరిన తేదీ ప్రకారం సీనియారిటీ."

"పొడవులో అంకుశమే పెద్దది."

"పొడవు చూసి ప్రమోషన్లిస్తే ఈ గదిలో అటెండరు డైరెక్టరవ్వాలి!"

వరాహమూర్తిగారు చెయ్యెత్తి ఆపారు. "సమస్య అది కాదు. ఈ అమ్మాయి నివేదిక ప్రకారం అంకుశం పగ్గాన్ని అదుపు చేస్తుంది. బాగానే ఉంది. మళ్లీ పగ్గమే అంకుశాన్ని అదుపు చేస్తుంది అంటుంది. అలాంటప్పుడు ఎవరి పనితీరు మీద ఎవరు రహస్య నివేదిక రాయాలి? నా సర్వీసులో ఇలాంటి ఏర్పాటు నేనెక్కడా చూడలేదు."

న్యాయ సలహాదారు గొంతు సవరించుకున్నాడు. "నిబంధనల్లో ఒక్కచోట ఉంది సార్. పరస్పర నియంత్రణ కలిగినవారు, ఒకే కార్యాలయంలో ఉంటే పనికి అంతరాయం కలుగుతుందని భావిస్తే, వారిలో ఒకరిని బదిలీ చేయవచ్చు."

"అది ఎవరి గురించి?"

"భార్యాభర్తల గురించండి."

గదిలో ఎవరూ నవ్వలేదు. డైరెక్టరుగారు ఆ పుస్తకం తెప్పించుకుని, ఆ పేజీ తనే ఒకసారి చదివి, ఎంతో ఊరట పొందిన మనిషిలా వెనక్కి వాలారు. కడపలో సంస్థకి ఒక బ్రాంచి ఉంది. అక్కడ ఖాళీ ఉంది. అసలు ఆ బ్రాంచి నిండా ఖాళీయే.

తాయారు లేచి నిలబడింది. "సార్, వార్డులో ఒక మనిషికి సోమవారం ఆ మందు మొదలుపెడతారు. కిట్టు ఇక్కడ లేకపోతే..."

"కూర్చోమ్మా. మనుషుల విషయం ఈ సమావేశం ఎజెండాలో లేదు."

సాయంత్రానికల్లా ఉత్తర్వు టైపయింది. 'పరిపాలనా సౌలభ్యము దృష్ట్యా పగ్గము కడప శాఖకు బదిలీ చేయబడినది. ఉద్యోగుల శరీరములయందు గల పగ్గము తదుపరి ఉత్తర్వుల వరకు డిప్యుటేషన్‌పై ఉన్నట్లు భావింపబడును.' కిట్టుని మంచుగడ్డలతో సహా థర్మోకోల్ పెట్టెలో పెట్టి, స్టిక్కర్ సరిచూసి, రైలెక్కించారు. అరవిందాక్షి తనకి అవమానం జరిగిందని సెలవు పెట్టింది. సోమయాజులుగారు స్వీట్లు పంచారు. తాయారు తన వంతు జీడిపప్పు పాకం కాగితంలోనే వదిలేసి, బయట మెట్ల మీద చాలాసేపు కూర్చుంది. కోపం వస్తుందనుకుంది. భయం వచ్చింది.

సోమవారం పైడితల్లికి మందు మొదలైంది. మొదటి విడత పూర్తయ్యేసరికి నిమ్మకాయ కమలాపండంత అయింది. రెండో విడత నడుస్తుండగా ఆమెకి నోరు తెరవడం కష్టమైంది.

"పెరిగిపోతంది కదమ్మా," అంది తాయారుతో, పళ్ల సందులోంచి. "మీరు సూస్తానన్నారు. సూసేరా?"

అప్పటికి తాయారు డైరెక్టరుగారికి పంపిన విన్నపాలన్నిటికీ ఒకటే సమాధానం వచ్చింది: పగ్గం ఇంకా చేరిక రిపోర్టు ఇవ్వలేదు, చేరినదీ లేనిదీ తెలియకుండా దాని గురించి ఉత్తర ప్రత్యుత్తరాలు జరపడం కుదరదు.

వార్డులోంచి బయటికొస్తుంటే ఆవిడ తలుపు మీద బోర్డు చూసింది. రోజూ చూసేదే. 'అంకుశ చికిత్సా విభాగము.' ఆ బోర్డు ముందు కాసేపు నిలబడింది. తరవాత ఆటో ఎక్కి నేరుగా అరవిందాక్షి ఇంటికి వెళ్లింది.

గడ్డ గురించి చెప్పలేదు. కణాల గురించీ చెప్పలేదు. "మేడమ్, ఆసుపత్రిలో ఇప్పుడు అంకుశం ఒక్కటే డ్యూటీ చేస్తోందండి," అంది. "బోర్డు కూడా దాని పేరు మీదే. వచ్చేపోయేవాళ్లంతా గడ్డల్ని ఆపే జన్యువంటే అదొక్కటే అనుకుంటున్నారు."

అరవిందాక్షి కాఫీగ్లాసు కింద పెట్టేసింది. "బోర్డు పెట్టారా?"

"నీలం మీద తెల్లక్షరాలండి. పెద్దవే."

సైన్సు నెలలతరబడి బతిమాలి చేయించలేకపోయిన పని ఆ బోర్డు ఒక్క పూటలో చేసింది. అరవిందాక్షి సెలవు రద్దు చేసుకుని, వార్డుకొచ్చి బోర్డుని కళ్లారా చూసి, డైరెక్టరుగారి గదిలో కూర్చుని, పగ్గం లేచి వెళ్లినచోట అంకుశాన్ని ఒంటరిగా ఊరేగించడం కుట్ర అని వాదించింది. పత్రికలవాళ్ల మాట కూడా ఎత్తింది. సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. 'పగ్గమునకు తగిన హోదా కల్పించు వరకు అంకుశ చికిత్స యావత్తూ నిలుపుదల చేయవలెను.'

ఇమాన్యుయేలు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, "కారణం ఏదైతేనేం," అన్నాడు. పైడితల్లికి మందు ఆపి, ఆపరేషన్‌కి పంపాడు. గడ్డ తీశారు. దాంతోపాటు దవడలో ఒకవైపు ఎముక కూడా తియ్యాల్సి వచ్చింది. నిమ్మకాయగా ఉన్నప్పుడే తీసుంటే దవడ దక్కేది. ఆ మాట ఏ ఉత్తర్వులోనూ లేదు.

మనిషి బతికింది కదా అని తాయారు ఊపిరి పీల్చుకునేలోగా, వీరభద్రయ్య మాస్టారు ప్రయోగశాలకి వచ్చాడు. రిటైరైన డ్రిల్లు మాస్టారు, గొంతులో గడ్డ. ఇన్నాళ్లూ గంజి కూడా దిగని మనిషి ఈ మందుతో ఇడ్లీ తినే దాకా వచ్చాడు.

"ఎవరో మేడం గారు మందు ఆపించేరని వార్డులో అనుకుంటున్నారండి," అన్నాడు, నిటారుగా నిలబడి. "మళ్లీ గంజి దిగట్లేదు. ఆవిడెవరో సెప్తే ఎళ్లి అడుగుతాను."

"నేనేనండి," అంది తాయారు.

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండుననిపించింది ఆవిడకి.

"నాకు పడింది కదమ్మా మందు," అన్నాడు.

మూర్ఖత్వాన్ని కాలవలా తన పొలానికి మళ్లించుకుందామనుకుంటే, అది పక్కవాడి పొలాన్ని కూడా ముంచింది. తాయారు ఆ సాయంత్రమే, ఎవర్నీ అడక్కుండా, కడప రైలెక్కింది.

కడప బ్రాంచిలో ఉన్నది ఒక గది, ఒక ఫ్రిజ్, ఓబుళరెడ్డి అనే ఇన్‌చార్జి. ఆయన ఆవిణ్ణి చూసి నిజంగా సంతోషించాడు. పైనుంచి ఒక మనిషి రావడం అదే మొదటిసారి.

"పెట్టె తెరిసేదానికి మాకు ఆర్డరు రాల్యా మేడమ్. చల్లగా పెట్టమని రాసినారు, పెట్టినాం. దినామూ చూస్తాండా."

"ఒక రోగికి కావాలి రెడ్డిగారూ. చాలామందికి కావాలి. తీసుకెళ్తాను."

ఓబుళరెడ్డి తల గోక్కున్నాడు. ఆడిట్‌వాళ్లు గుర్తొచ్చినట్టున్నారు. "తీస్కపోండి. రోగులంటే కాదంటామా? పెట్టె మాత్రం ఈడ్నే ఉంచి పోండి. స్టిక్కరు దాని మింద ఉంది. మాకు లెక్కకి పెట్టె కావల్ల."

సీసాలన్నీ మంచు నింపిన పాలక్యానులోకి మారాయి. తాయారు దాన్ని ఒళ్లో పెట్టుకుని విశాఖ చేరింది. నిద్ర పోలేదు, పోతే ఎవరైనా పాలనుకుని తాగేస్తారని.

వార్డులో ఉన్నవాళ్లందరి గడ్డల్నీ పరీక్షించింది. ఎవరికి మందు పడుతుందో, ఎవరికి పడదో తేలిపోయింది. పైడితల్లికి ముందే తీసి ఉంచిన ముక్కలో పగ్గం పూర్తిగా పడిపోయింది. మాస్టారిదాంట్లో చెక్కుచెదరలేదు. ఇక నిలుపుదల ఉత్తర్వు సంగతి ఇమాన్యుయేలు చూసుకున్నాడు. తలుపుకి తూర్పున అంకుశం బోర్డు, పడమటన పగ్గం బోర్డు, ఒకే కొలతలో, వేలు పెట్టి కొలిచినా తేడా రాకుండా పెట్టించాడు. ఎటునుంచి వచ్చేవాళ్లకి అటువైపుది ముందు కనిపిస్తుంది. ఇద్దరు అధిపతులూ వచ్చి, చెరోవైపునుంచీ నడిచి చూసుకుని, తృప్తిగా వెళ్లారు. పగ్గానికి హోదా దక్కిందని డైరెక్టరుగారు నిలుపుదల ఎత్తేశారు. మాస్టారికి మందు మళ్లీ మొదలైంది.

ఆ తరవాత ఆ మందు ఎవరికీ ఎదురు తిరగలేదు. ఆ సంగతి పైకి పాకింది. రాజధానినుంచి అభినందనలూ, వాటి వెనకాలే ఒక ప్రశ్నా వచ్చాయి. పగ్గం కడపలో ఉండగా విశాఖలో పగ్గం పరీక్షలు ఎలా జరిగాయి? విచారణ బృందం కడప వెళ్లింది. పెట్టె ఫ్రిజ్‌లో ఉంది. స్టిక్కర్ పదిలంగా ఉంది. పెట్టెకి వేసిన టేపు కూడా అలాగే ఉంది, ఎందుకంటే ఓబుళరెడ్డి మళ్లీ శ్రద్ధగా అంటించాడు. తెరవడానికి బృందానికి అధికారం లేదు. కాబట్టి పగ్గం కడప విడిచి వెళ్లలేదనీ, పరీక్షలు జరిగినమాట నిజం గనుక అవి కడపలోనే జరిగాయనీ తేల్చి, ఆ ఏటి ఉత్తమ పరిశోధన పురస్కారానికి కడప బ్రాంచిని సిఫారసు చేశారు.

సభకి ముందు రోజు ఓబుళరెడ్డి ఫోన్ చేశాడు. "స్టేజీ మింద ఏం మాట్లాడల్లో రోంత చెప్పండి మేడమ్. ఇంతకీ ఈ పగ్గమనేది ఏం చేస్తాది?"

తాయారు ఓపిగ్గా చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. కాని శాలువా కప్పేసరికి కంగారుపడి అంతా మరిచిపోయి, "మా బ్రాంచిలో చేరినప్పట్నుంచి పగ్గం ఒక్క దినం గూడా సెలవు పెట్టల్యా," అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. వెనక వరసలో పైడితల్లి దవడకి కట్టు కట్టుకుని కూర్చుంది. నవ్వితే నొప్పి గనుక నవ్వలేదు.

వరాహమూర్తిగారు చలించిపోయారు. మైకు అందుకుని, తాను ఒక కుటుంబాన్ని విడదీసి పొరపాటు చేశానని ఒప్పుకున్నారు. మర్నాడు పదింటికల్లా ఉత్తర్వు వచ్చింది. 'భార్యాభర్తల ప్రాతిపదికన అంకుశము సైతము కడప శాఖకు బదిలీ చేయబడినది.'

పదకొండింటికి స్టోర్సు గుమాస్తా, పరీక్షల కోసం తాయారు దగ్గరే ఉంటున్న అంకుశం పెట్టె తీసుకోవడానికి ఉమ్మడి ప్రయోగశాలకి వచ్చాడు. అప్పటికే తాయారు దానికి టేపు వేసి, పైన 'చల్లగా ఉంచవలెను' అని రాసి సిద్ధంగా పెట్టింది. సీసాలు ఆవిడ వెనకాల ఫ్రిజ్‌లో, పగ్గం సీసాల పక్కన ఉన్నాయి. బయట బెంచీ మీద ఇమాన్యుయేలు పంపిన కొత్త రోగులు కూర్చున్నారు.

గుమాస్తా పెట్టె ఎత్తి, ఆగాడు.

"తేలిగ్గా ఉందేటి మేడమ్?"

"జన్యువులు తేలిగ్గానే ఉంటాయి," అంది తాయారు.

అతను స్టిక్కర్ నంబరు సరిచూసుకుని, రసీదు మీద ఆవిడ చేత సంతకం పెట్టించుకుని, పెట్టెని రెండు చేతుల్తో జాగ్రత్తగా పట్టుకుపోయాడు. తాయారు బెంచీ మీద మొదటి మనిషిని లోపలికి పిలిచింది.